మంచుపల్లెల పంటి పనితనం

అలాస్కాలో యూకాన్-కుస్కోక్విమ్ డెల్టా పల్లెలకు రోడ్లు లేవు. చిన్న విమానంలోనో, పడవలోనో, చలికాలమైతే మంచుబండి మీదో చేరుకోవాలి. అక్కడ పంటి డాక్టరు కాపురం పెట్టడం అరుదు. అందుకని స్థానిక ఆదివాసీ ఆరోగ్య సంస్థలు తమ పిల్లలకే ఆ పని నేర్పించాయి. 2003లో కొందరిని న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయానికి పంపాయి. బడిపిల్లల పళ్లు బాగుచేసే నర్సులను ఆ దేశం 1921 నుంచే తయారుచేస్తోంది. దీనిపై అమెరికా దంతవైద్యుల సంఘం కోర్టుకెక్కినా, 2007లో రాజీ కుదిరింది. ఆ ఏడాదే అలాస్కాలో సొంత శిక్షణ మొదలైంది.

శిక్షణలో మెట్లున్నాయి. మొదట ఫ్లోరైడ్ పూయడం, తల్లులకు జాగ్రత్తలు చెప్పడం. ఆపై మెట్టు నన్ను కట్టిపడేసింది. డాక్టరు పుచ్చు తొలిచి లేస్తే, ఫిల్లింగ్ నింపేది సహాయకురాలే.

పుచ్చు రెండు పళ్ల నడుమ ఉంటే, కూలిన గోడను మళ్లీ నిలబెట్టాలి. పంటి చుట్టూ పల్చని లోహపు పట్టీ బిగించి, సందులో వెడ్జ్ అనే చిన్న ముక్క దోపుతారు. అది వదులైతే ఫిల్లింగ్ చిగురు మీదకు పొంగుతుంది. పక్కపంటికి సరిగ్గా ఆనకపోతే జీవితాంతం మెతుకులు ఇరుక్కుంటాయి. కాంపోజిట్ అనే ఫిల్లింగ్ పదార్థాన్ని సుమారు 2 మిల్లీమీటర్ల పొరలుగా వేసి, ఒక్కో పొరనూ నీలికాంతితో గట్టిపరుస్తారు. కాంతి అంతకంటే లోతుకు సరిగా దిగదు, పైగా గట్టిపడేటప్పుడు పదార్థం కుంచించుకుపోతుంది. మధ్యలో ఉమ్మి తగిలితే అంటుకోదు. చివరికి రంగుకాగితం కొరికించి ఎత్తు సరిచూస్తారు. ఇన్ని మెలకువలూ తెలిసిన చేయిని ‘సహాయం’ అనడం తక్కువచేసి చెప్పడమే.

పైమెట్టు డెంటల్ థెరపిస్టుది. రెండేళ్ల చదువు, ఆపై డాక్టరు కళ్లెదుట కనీసం 400 గంటల పని. పుచ్చు తొలవడం, నింపడం, మామూలు పన్ను పీకడం వారి హద్దు. దాటితే డాక్టరుకు పంపాల్సిందే. ప్రతి రెండేళ్లకూ సర్టిఫికెట్‌ను మళ్లీ పొందాలి. నేర్చింది కొద్దే, కానీ ఆ కొద్దిలో లోటు ఉండకూడదన్న పట్టుదల ఇందులో కనిపిస్తుంది.

ఈ థెరపిస్టులు ఎక్కువ రోజులు పనిచేసిన పల్లెల్లో పళ్లు పీకించుకోవడం తగ్గిందనీ, నివారణ చికిత్స పెరిగిందనీ వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో ప్రకటించారు.

పాడేరు, ఉట్నూరు కొండల్లోనూ పంటినొప్పితో మైళ్లు నడిచేవారున్నారు. మన దంత వైద్య కళాశాలలు అలాస్కా పాఠ్యప్రణాళికను తెప్పించుకుని చదవాలి, ఆ కొండల యువతకు నేర్పడానికి ముందుకు రావాలి.