శాకుంతలమున సింహపుకూన

మా పాఠశాల గోడను ఒక చిత్రపటము వ్రేలాడుచున్నది. అందొక బాలుడు సింహపుకూన నోరు తెఱచి పండ్లు లెక్కించుచుండును. పటము క్రింద ‘భరతుని శౌర్యము’ అని వ్రాసియున్నది. మేమును పెక్కేండ్లు దానిని చూపియే మగపిల్లలకు ధైర్యమును బోధించితిమి. క్రిందటి యేడు ఒక బాలిక లేచి, “మాస్టారూ, ఆ కూన వాళ్లమ్మ ఎక్కడుందండీ?” అని యడిగినది. తరగతి యంతయు నవ్వినది. మాకు మాత్రము బదులు తోచలేదు. ఆ రాత్రి అభిజ్ఞానశాకుంతలము సప్తమాంకమును మరల తెఱచి చదివితిమి. ఆ ప్రశ్నకు కాళిదాసు ఏనాడో తావిచ్చెననియు, ఇన్నేండ్లు చదివియు మేము దానిని గమనింపలేదనియు తెలిసి సిగ్గుపడితిమి.

మహాభారతమున నీ ఘట్టము వేఱుగా నున్నది. అందు బాలుడు కణ్వాశ్రమ ప్రాంతమున సింహవ్యాఘ్రాదులను పట్టి చెట్లకు కట్టివేయును. ఆశ్రమవాసులు వాని బలమును మెచ్చి సర్వదమనుడని పేరిడుదురు. కాళిదాసు ఆ పేరును నిలిపి, మెప్పును మందలింపుగా మార్చినాడు. హేమకూటమున మారీచాశ్రమమందు బాలుడు లాగుకొనివచ్చిన కూన, తల్లి పాలు సగము మాత్రమే త్రాగియున్నది. ఈ విశేషణమును కవి ఊరక వేయలేదు. కన్నబిడ్డలతో సమానముగ చూచుకొను జంతువుల నిట్లు బాధింపనేల యని తాపసి వానిని కోపించును. కూనను విడువకున్న తల్లిసింహము మీదపడునని రెండవ యామె హెచ్చరించును. చిత్రకారుడు మఱచిన తల్లిని కవి మఱవలేదు.

కొందఱు మాతో వాదింపవచ్చును. ఇది రాజపుత్రుని తేజమును సూచించు ఘట్టమే గాని వేఱు కాదనియు, దుష్యంతుడే ఆ బాలుని చూచి మురిసిపోవుచున్నాడనియు అందురు. మురియుట నిజమే. కాని రాజు మాటను కవి మాటగా గొనరాదు. ఈ రాజు మొదటి యంకమున లేడిని తఱుముచు రంగమున ప్రవేశించినవాడు. ఆశ్రమమృగమును చంపరాదని మునులు చెప్పిన పిదపనే బాణమును ఉపసంహరించుకొనినవాడు. రెండవ యంకమున వేట మానుటయు భూతదయచేత గాదు. లేళ్ల చూపులు తన ప్రియురాలి చూపులను తలపునకు తెచ్చినవి గావున వానిపై విల్లెక్కుపెట్టలేకపోయెను. తండ్రికి వేట వినోదము. కుమారునికి కూనను లాగుట వినోదము. బీజమెక్కడిదో కవి స్పష్టముగనే చూపినాడు.

ఇక శకుంతలను చూడుడు. మేనక విడిచిపోగా ఈ శిశువును పక్షులు కాచినవి గావున శకుంతల యని పేరు వచ్చినదని భారతము చెప్పుచున్నది. అనగా ఈమెకు తొలి తల్లి అడవియే. ఆ ఋణమును ఆమె తీర్చుకొను తీరు నాలుగవ యంకమున నున్నది. చెట్లకు నీరు పోయక తాను నీరు త్రాగదు. అలంకారములందు ప్రీతి యున్నను చిగురు త్రుంపదు. ఈనిన కొలదికాలమునకే తల్లిని కోల్పోయిన లేడిపిల్లను పెంచి, దర్భలు గ్రుచ్చుకొనిన దాని నోటికి గారనూనె రాచినది. అత్తవారింటికి బయలుదేరునపుడు ఆ పిల్లయే వెనుకనుండి చీరను పట్టి లాగును. తాను గర్భవతియై యుండి, గర్భముతో నున్న పెంటిలేడి సుఖముగ ఈనినపుడు తనకు వార్త పంపుమని తండ్రిని వేడును. ఈ కోరికను తల్లి కాబోవు స్త్రీ తప్ప వేఱొకరు కోరుట యరుదు. రాజసభయందు ఆమె కెదురైన నిరాదరణను తలచినచో, ఆ చిన్న కోరిక మఱింత బరువెక్కును.

సప్తమాంకమున ఈ రెండు త్రోవలు కలియుచున్నవి. కూనను విడిపింపుమని తాపసి దుష్యంతుని వేడగా అతడట్లే చేయును. తన బిడ్డను అతడు మొదట తాకినది అప్పుడే! పరుల బిడ్డను విడిపింపబోయిన చేతికి తన బిడ్డ దొరకినది. అంతలో వేఱొక తాపసి మట్టినెమలిని తెచ్చి, ఆ పక్షి యందమును చూడుమని చెప్పుటలో ‘శకుంత’ శబ్దము దొర్లును. బాలుడు వెంటనే తన తల్లి యెక్కడనని వెదకును. క్షణము క్రిందట ఒక కూనను తల్లి పాలనుండి లాగినవాడే తన తల్లికై చూచుచున్నాడు. పెనగులాటలో జాఱిపడిన రక్షయే పిమ్మట తండ్రిని గుర్తుపట్టించును. వీరేశలింగము పంతులుగారు మొదలుగా పలువురు ఈ నాటకమును తెనిగించిరి. తెలుగు పాఠకునికి ఇది కొత్తది కాదు. అయినను మన పాఠములందు నిలిచినది కూన పండ్లే గాని మట్టినెమలి కాదు.

కవియందు లోపము లేదనము. విడువబడిన కూన తల్లిని చేరినదా? నాటకమున ఆ మాట లేదు. రాజకుటుంబము కలిసికొనిన సంతోషమున కవియు దానిని మఱచినాడు.

అడవులలో ఆ మఱపు మిక్కిలి ప్రమాదకరము. 2023 మార్చిలో నంద్యాల జిల్లా పెద్దగుమ్మడాపురమున నాలుగు పులికూనలు కనబడినవి. గ్రామస్థులు వానిని కొట్టలేదు, ఆటవస్తువులుగా చేసికొనలేదు. కుక్కల బాఱినపడకుండ గదిలో నుంచి అటవీశాఖవారికి తెలిపిరి. అధికారులు తల్లిపులికై వెదకి, కూనలను దానితో కలుపజూచిరి. ఫలింపలేదు. నాలుగును తిరుపతి జంతుప్రదర్శనశాలకు చేరినవి. ప్రాణములు నిలుచుట గొప్పయే. కాని పులికూన రమారమి రెండేండ్లు తల్లిని వెన్నంటి వేట నేర్చుకొనును. ఆ చదువు చెప్పగల గురువు వేఱొకరు లేరు. ఎంత ప్రేమతో పెంచినను మనము తల్లిపులి కాజాలము.

జింకపిల్లల విషయమున పొరపాటు మఱింత సులభము. తల్లి మేతకు పోవుచు పసిపిల్లను గడ్డిలో దాచిపోవును. అది కదలక పడియుండును. చూచినవారు అనాథయని తలచి దయతో ఇంటికి తెచ్చెదరు. తల్లి తిరిగివచ్చి చోటు వెదకికొనును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దీనిని నిషేధించుచున్నది. శకుంతల పెంచినది తల్లి చచ్చిన పిల్లను. తల్లి బ్రదికియున్న పిల్లను కాదు. ఈ భేదమును గుర్తింపని దయ కూడ ఒక విధమైన అపహరణమే.

ఇంటనున్న తల్లులకు మా మనవి యొక్కటి. పిల్లవాడు పిచ్చుకగూటిలో చేయిపెట్టినపుడు, కుక్కపిల్లను తల్లినుండి లాగుకొనివచ్చినపుడు, మగపిల్లవాడు ధైర్యవంతుడని మురిసిపోవలదు. తాపసులు చేసిన రెండు పనులును చేయుడు: అది తప్పని చెప్పుడు, ఒక మట్టిబొమ్మను చేతికిండు. మందలింపు మాత్రమే చాలునని వారును అనుకొనలేదు గదా!

మా పాఠశాల పటము క్రింది వ్రాతను మార్చితిమి. ఇప్పుడందు ఆ బాలిక అడిగిన ప్రశ్నయే యున్నది.