యయాతి రాజ్యదానము – యదువు పక్షము

నన్నయ ఆంధ్రీకరించిన ఆదిపర్వమునందలి యయాత్యుపాఖ్యానమును పితృభక్తికి నిదర్శనముగా బోధించుట మనకు పరిపాటి. తండ్రి ముదిమిని గైకొన్న పూరుడు రాజ్యార్హుడు. కాదన్న యదు, తుర్వసు, ద్రుహ్యు, అనువులు అనర్హులు. కాని సంస్కృతమూలమున పూరుని పట్టాభిషేకమునకు ముందొక వివాదఘట్టము కలదు. దాని నుపేక్షించుటవలననే ఈ తీర్పు ఇంత సులభమైనదని నా అభిప్రాయము.

బ్రాహ్మణులు ముందు నిలువగా ప్రజలు యయాతి నడుగుదురు: శుక్రుని దౌహిత్రుడును, దేవయానికి జ్యేష్ఠపుత్రుడునగు యదువుండగా కనిష్ఠునకు రాజ్యమెట్లు చెల్లును? యయాతి రెండు సమాధానముల నిచ్చును. తండ్రి మాట మీరినవాడు పుత్రుడు కాడనునది మొదటిది. తన్ననుసరించిన పుత్రుడే రాజగునని శుక్రుడు వరమిచ్చెననునది రెండవది. గుణవంతుడైన కనిష్ఠుడును అర్హుడేయని ప్రజలంగీకరింతురు. అయినను శుక్రుని వరముండగా మారు పలుక వీలులేదని ముగింతురు. అనగా వివాదమును ముగించినది తండ్రి ఆగ్రహము కాదు, యదువు మాతామహుని ప్రామాణ్యము.

ఇచట మూడంశములు గమనింపదగినవి. యయాతి ముదిమి ఆతని అపరాధమునకు శుక్రుడిచ్చిన శాపఫలము. అందు పుత్రుల దోషము లేదు. వరవృత్తాంతము పాఠకులకు ముందే తెలిసినను, ప్రజలు దానిని విన్నది యయాతి నోటనే. రాజ్యము కోల్పోయిన నలుగురిలో ఒక్కడును ఈ వాదమున పలుకడు.

13వ శతాబ్దమున కేతన తెనుగు పద్యములలోనికి తెచ్చిన మితాక్షర, పితామహార్జిత ధనమున పుత్రునకు జన్మచేతనే స్వత్వమున్నదని చెప్పును. రాజ్యము సామాన్యధనము కాదు గనుక ఆ సూత్రము యదువునకు యథాతథముగా వర్తింపదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము తన భాగమును వీలునామాచే ఇచ్చు అధికారమును సమష్టి కుటుంబసభ్యునకు గలిగించినది. అయినను వీలునామాను చుట్టుకొన్న సందేహములను దానిని నిలుపగోరువాడే తొలగింపవలెనని వేంకటాచల అయ్యంగారి వ్యాజ్యమున సుప్రీంకోర్టు 1958లో నిర్ణయించినది. ప్రజల ప్రశ్నకును ఈ నియమమునకును మూలమొక్కటియే: దాత ఇచ్ఛ ఒక్కటియే చాలదు, అది ఇతరుల ప్రశ్నకు నిలువవలెను.

భారతము యదువును మరచిపోలేదు. రాజ్యము పూరువంశమునకు దక్కినది. ఆ వంశజులగు పాండవులు ఆపత్కాలమున ఆశ్రయించినది యదువంశజుడగు శ్రీకృష్ణుని. కావున ఈ కథను బోధించునపుడు పూరుని త్యాగముతోపాటు ప్రజల ఆక్షేపణను, యదువు మౌనమును గూడ విద్యార్థుల ముందుంచుట న్యాయము.