త్వక్సారము: వెదురల్లిక శిల్పమునకు వాస్తుపరీక్ష

అమరసింహుఁడు వెదురునకుఁ బేర్కొనిన పది పర్యాయములలో నొకటి త్వక్సారము. చర్మమునందే సారము గలది యని దాని యర్థము. మ్రాఁకులకు బలము నడిమి చేవయందుండును. వెదురునకో నడుమ బోలు, బలమంతయు వెలుపలి పొరయందు. వెదురు గోడలోని నారలు వెలుపలివైపున దట్టముగను, లోపలికిఁ బోయినకొలఁది విరళముగను నుండునని నేఁటి వృక్షశాస్త్రజ్ఞులు చెప్పుటయు నీ నామమునే బలపఱచుచున్నది. వెదురల్లిక శిల్పమును విమర్శించువారు రూపసౌందర్యముకంటె ముందుగా నీ పేరును దలంపవలసియుండును.

హైదరాబాదునందలి మాదాపురమున 1992వ సంవత్సరమున శిల్పారామ మను హస్తకళాగ్రామము వెలసినది. దాని సమీపముననే 1998లోఁ బ్రారంభింపఁబడిన సైబరు టవర్సుతో హైటెక్ సిటీ మొదలైనది. ఆ సౌధము వర్తులాకారమగుటచే దూరమునుండి చూచువానికి ధాన్యపు గాదెను, తెలంగాణమువారి మాటలో గుమ్మిని, దలపింపవచ్చును. కాని పోలిక యాకారముతోనే ముగియును. గాదెకు లోపల కంబము లేదు, గోడయే బలము. ఒంటిబద్ద వంగును, విఱుగును. నిలువుబద్దల నడ్డబద్దలు పెనవేసికొనినప్పుడు, వంగఁజూచు ప్రతిబద్దను దక్కినవి పట్టి నిలిపి, ధాన్యపు టొత్తిడిని గోడయంతటికిని బంచియిచ్చును. సైబరు టవర్సునందును, తరువాత గచ్చిబౌలివఱకు లేచిన మేడలయందును భారము మోయునది లోపలి కట్టడము. వెలుపలి యద్దము తొడుగు మాత్రమే. అద్దము నూడఁదీసినను మేడ నిలుచును. అల్లికను విప్పినచో గాదెయే లేదు.

జర్మను వాస్తుపండితుఁడగు గాట్‌ఫ్రీడ్ సెంపర్ 1851లోఁ బ్రకటించిన గ్రంథమున గోడకు మూలము రాతికట్టు కాదనియు, అల్లిన తడికయే యనియు వాదించెను. అయినను ఆయన మతమునఁ దడిక యావరణమే. దానిని మోయునది వేఱు. మేదరి గాదెను జూచియున్నచో నా పండితుఁ డీ భేదమును గొంత సడలించియుండునేమో!

హైదరాబాదుననే 1978లో జన్మించి, ఢిల్లీలో వాస్తువిద్య నభ్యసించిన ఆసిం వాకిఫ్ 2023లో లండను నగరమందలి హేవర్డు చిత్రశాలకై వెదురుతో «వేణు» అను మహాశిల్పమును నిర్మించెను. 1968లోఁ దెఱవఁబడిన యా చిత్రశాల మోటు కాంక్రీటు కట్టడము. దాని చెంత నల్లికను నిలుపుటయే యొక వ్యాఖ్యానము. ప్రేక్షకులు దానిని దాఁకి ధ్వనులు పుట్టింపవచ్చును. శిల్పమును దూరమునుండి చూచుటయు, గృహమును వాడుకచే నెఱుంగుటయు లోకమర్యాద. ఈ కృతి యా రెంటి నడుమ నిలిచినది. పేరువిషయమున మాత్ర మొక విచారణ. గాలిచే మ్రోయు వెదుళ్లకుఁ గీచకము లని యమరమునఁ బ్రత్యేకనామము గలదు. కాళిదాసును రఘువంశమున వానిని వర్ణించెను. ఒకఁడూఁదిన మ్రోయునది వేణువు, ఊఁదువాఁడు లేకయే మ్రోయునది కీచకము. పలువురి చేతులఁ బలుకు నీ కట్టడము రెంటికిని దగియు దగకయు నున్నది. కీచక మన్నచో విరాటపర్వ మడ్డము వచ్చును గనుక వేణు వనుటయే మేలు.

జపానుదేశపు నాలుగవ తనబె చికుఉన్‌సాయి 2017లో న్యూయార్కు మెట్రోపాలిటన్ ప్రదర్శనశాలయం దొక మహాల్లికను నిలిపెను. ప్రదర్శనము ముగిసినపిదప విప్పి, ఆ బద్దలతోనే మఱియొకచోట మఱియొక రూపము నల్లుట యాయన పద్ధతి. విప్పుటకు వీలగుటయు వాస్తుగుణమే యని యిది చూపుచున్నది.

నగరములలో నలంకారార్థము నిలుపు వెదురుబొమ్మలు కొన్నింటిలో లోపల నినుపచువ్వల చట్రము నిలిపి, పైని బద్దల నల్లుదురు. గాలివానకు వెఱచి చేసినపని యని సమర్థింపవచ్చును. కాని యప్పుడు వెదురును అద్దమువలెఁ దొడుగే యగును. త్వక్సార మను పేరు దానికిఁ జెల్లదు. ఇట్టి పనులలోఁ బటము గీచినవాఁడు శిల్పి, అల్లినవాఁడు కూలి యను విభాగము పుట్టుటయు నిందువలననే. ఇనుము భారమును వహించినచోట మేదరి జ్ఞానముతో నక్కఱ లేదు గదా. ఇనుము లేని యల్లికయందు బద్ద యెంత వంగునో, ఏ కణుపునొద్ద విఱుగునో, నీట నెన్నాళ్లు నానవైచినచోఁ బుచ్చుపురుగు పట్టదో పటముమీఁద నుండదు. అంచు కట్టువఱకు గోడకు బలము రాదు. ఆ యంచు నెక్కడఁ గట్టవలయునో తెలిసినవాఁడు మేదరి. వాని పేరు శిల్పముక్రింది ఫలకమున శిల్పి పేరి ప్రక్కనే యుండుట న్యాయము.