దోషమును సైతము కాచిన శిల్పులు

1993లో డాస్ యంత్రములకై వెలువడిన డూమ్ ఆటను నేటి కంప్యూటరుపై యథాతథముగా నడిపించు చాకొలెట్ డూమ్ కర్తల నిష్ఠకు నా మనస్సు మ్రొక్కుచున్నది. గదులు, రాక్షసులు, ధ్వనులు నిక్షిప్తమైయున్న వ్యాడ్ ఫైలును వారు తాకరు. దానిని చదివి ఆడించు ఇంజనును మాత్రమే, 1997లో బహిర్గతమైన సోర్స్ కోడు నాధారము చేసికొని, విండోసునకును లినక్సునకును అనువుగా తీర్చిరి. యంత్రమెంత వేగవంతమైనను ఆటలోని కాలము సెకనుకు 35 అడుగులే వేయును. పూర్వపు ఆటగాండ్రు దాచుకొన్న డెమో ఫైళ్లలో దృశ్యములుండవు; నడక, మలుపు, కాల్పు అను ఆజ్ఞల వరుస మాత్రమే యుండును గనుక, ఇంజను ఒక్క లెక్క తప్పినను వీరుడు దారి తప్పి గోడలను తాకుచు తిరుగును. అందుచేతనే పాత ఇంజనులోని దోషములను సైతము వారు దిద్దక, పరిశోధించి మరీ పునఃప్రతిష్ఠించిరి. క్రొత్త సొగసులు చేర్చుటకంటె ఇది దుష్కరమని నా దృఢవిశ్వాసము. కావుననే ఆనాడెవరో ఆడి భద్రపరచిన ఆట నేటికిని తుదిద్వారము వరకు తప్పక సాగును.