ఆకు కింది కాగితం

బీటెక్ ఆఖరి ఏడాది కంప్యూటర్స్ విద్యార్థుల మేజర్ ప్రాజెక్టుల జాబితా తిరగేస్తే 'పంట తెగుళ్ల గుర్తింపు' తరచూ కనిపిస్తుంది. ఆకు ఫొటో తీస్తే తెగులు పేరు చెప్పే ప్రోగ్రామ్ అది. గైడ్ కాదనడు, ఇంట్లోవాళ్లకు చెబితే అర్థమవుతుంది, డేటా ఉచితంగా దొరుకుతుంది. అంత ఓపిక కూడా లేనివాళ్లు అమీర్‌పేట వెళ్లి కోడూ రికార్డూ పీపీటీ కలిపి కొనుక్కొచ్చుకుంటారు. వాళ్ల సంగతి వదిలేద్దాం. సొంతంగా చేసే కుర్రాడి కథే ఆసక్తికరం.

అతను సాధారణంగా డౌన్‌లోడ్ చేసేది ప్లాంట్‌విలేజ్ డేటా. 54,306 ఫొటోలు, 14 పంటలు, పంట-తెగులు జతలుగా 38 తరగతులు. మొహంతి, హ్యూస్, సలాథే అనే ముగ్గురు పరిశోధకులు ఈ ఫొటోలతో డీప్ లెర్నింగ్ మోడల్‌కు శిక్షణ ఇచ్చి, 99.35 శాతం యాక్యురసీ వచ్చిందని 2016లో ప్రకటించారు. ప్రాజెక్టు రిపోర్టులకు ఆ అంకె అంటే మహా ఇష్టం. అదే పేపర్లో ఇంకో అంకె కూడా ఉంది: వేరే పరిస్థితుల్లో తీసిన ఫొటోలు ఇస్తే అదే పద్ధతికి వచ్చింది 31 శాతం పైచిలుకే. దాచకుండా రాసినందుకు వాళ్లను మెచ్చుకోవాలి. విద్యార్థుల స్లైడ్లలోకి మాత్రం ఈ రెండో అంకె అంత సులభంగా ఎక్కదు.

ఎందుకంత పడిపోయింది?

ప్లాంట్‌విలేజ్ ఫొటోలు చేలో తీసినవి కావు. ఆకును తెంపి, సాదా కాగితం మీద పరిచి తీసినవి. 2022లో ఒక పరిశోధకుడు గడుసు పరీక్ష పెట్టాడు. ఆకును పూర్తిగా పక్కనపెట్టి, ఫొటో అంచుల్లోంచి నేపథ్యానికి చెందిన 8 పిక్సెళ్లు మాత్రమే తీసుకుని, వాటితో తెగులు చెప్పించాడు. 49 శాతం సరిగ్గా వచ్చింది! 38 తరగతుల్లో గుడ్డిగా ఏదో ఒకటి చెబితే దక్కేది 2.6 శాతమే. అంటే వెనకనున్న కాగితమూ, ఫొటో తీసినప్పటి వెలుతురూ సగం జవాబును ముందే అందించేస్తున్నాయి. బిట్ బ్యాంక్ బట్టీపట్టి ఎంట్రన్స్ పరీక్షకు వెళ్లే పిల్లాడిలా మోడల్ పాఠం చదవకుండానే గట్టెక్కగలదు. దీనికి తోడు ఒకే ఆకును నాలుగు వైపుల నుంచి తీసిన ఫొటోలు కూడా ఉన్నాయి. వాటిని కలగాపులగంగా ట్రైనింగుకూ టెస్టుకూ పంచేస్తే పరీక్ష పేపరు లీకైనట్టే. 2016 నాటి రచయితలు తమకు తెలిసినంతవరకు ఒక ఆకు ఫొటోలన్నీ ట్రైనింగులోనో టెస్టులోనో ఒకేచోట ఉండేలా చూసుకున్నారు. ర్యాండమ్ స్ప్లిట్ అని ఒక్క లైను కోడ్ రాసేవాడికి ఆ జాగ్రత్త తట్టదు.

పంటల జాబితా చూస్తే మనకు ఇంకాస్త చిరాకు పుడుతుంది. రాస్ప్‌బెర్రీ ఉంది, వరి లేదు. యాపిల్ ఉంది, పత్తి లేదు. క్యాప్సికం ఉంది, గుంటూరు మిర్చి లేదు.

మిర్చినే తీసుకుందాం. తామర పురుగులు రసం పీలిస్తే ఆకు అంచులు పైకి ముడుచుకుంటాయి, నల్లి చేరితే కిందికి వంగుతాయి. రైతులు పైముడత, కింది ముడత అని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. ఆ ఆకును తెంపి కాగితం మీద చదునుగా పరిచాక ఆ వంపు ఏం మిగులుతుంది? 2021లో మన మిర్చి తోటలను ముంచేసిన నల్ల తామర పురుగైతే పూతలోనే ఎక్కువగా గుంపుకడుతుంది. దాన్ని పట్టడానికి ఆకు ఫొటో చాలదు, పువ్వు ఫొటో కావాలి.

కాబట్టి ల్యాప్‌టాప్ మూసి తోటకు వెళ్లినప్పుడే ప్రాజెక్టు మొదలవుతుంది. మొక్క మీదున్న ఆకునే, పొద్దున్నా మిట్టమధ్యాహ్నం కూడా, దుమ్ముతో, మందు మరకలతో సహా ఫొటో తీయాలి. తెగులు పేరు తెలిసినవాళ్లతో చెప్పించుకోవాలి. ఒక తోటను ట్రైనింగుకు అసలు వాడకుండా టెస్టు కోసమే అట్టిపెట్టాలి. ఇంత చేశాక 99 రాకపోవచ్చు, ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ మొహం చిట్లించవచ్చు. అప్పుడు కుర్రాడు చూపించాల్సింది మొత్తం యాక్యురసీని కాదు, మోడల్ దేన్ని దేనిగా పొరబడుతోందో చెప్పే కన్‌ఫ్యూజన్ మ్యాట్రిక్స్‌ను. పైముడతను కింది ముడత అని చెబితే రైతు నల్లి మందు కొని కొడతాడు, తామర పురుగు తన పని తాను చేసుకుపోతుంది.