ఆరు గీతల బటన్

శుభలేఖ ప్రూఫు చూసుకుందామని బుచ్చయ్యపేట నుంచి చోడవరం వెళ్లి డీటీపీ సెంటర్లో కూర్చున్నాను. కంప్యూటర్లో విండోస్ 10. అందులో 2001 నాటి పేజ్‌మేకర్ 7, దానికి తోడు అను ఫాంట్లు. ఆపరేటరు ముహూర్తం దగ్గర అచ్చుతప్పు దిద్దుతున్నాడు. నా కళ్లేమో డైలాగు పెట్టెలోని బూడిదరంగు ఓకే బటన్ మీదే ఉన్నాయి. చుట్టుపక్కల కిటికీలన్నీ చదునైపోయాక కూడా అదొక్కటే ఉబ్బెత్తుగా నిలబడింది.

దగ్గరగా చూస్తే అక్కడ ఉబ్బెత్తేమీ లేదు. పైనా ఎడమనా ఒక్కో తెల్ల గీత. కిందా కుడినా నల్ల గీత, దాన్ని ఆనుకుని లోపల ముదురు బూడిద గీత. గీత మందం ఒక్క పిక్సెల్. వెలుతురు ఎడమ పైమూల నుంచి పడుతోందని అనుకుంటే చాలు, తలుపు చెక్కలో చెక్కిన పలకలా కంటికి లేచి కనబడుతుంది. ఈ బూడిద ఉబ్బు మైక్రోసాఫ్ట్ సొంతమేమీ కాదు, 1980ల చివర్లోనే నెక్స్ట్ కంపెనీ కంప్యూటర్ల మీద ఉంది. కానీ ఊరూరా పరిచయం చేసింది మాత్రం 1995 ఆగస్టు 24న వచ్చిన విండోస్ 95.

ఆ రంగుల ఎంపికలోనే ఉంది పనితనం. అప్పట్లో చాలా తెరలకు పదహారు రంగులే గతి. తెలుపు, నలుపు, లేత బూడిద (192), ముదురు బూడిద (128) ఆ పదహారులోనివే. ఉన్న సరుకుతోనే వంట కానిచ్చారన్నమాట.

విండోస్ 95 కిటికీ మూల మీద ఉండే ఇంటూ గుర్తు బటన్ నొక్కి పట్టుకోండి. నల్ల గీతలు పైకీ ఎడమకీ వస్తాయి, తెల్లవి కిందికి పోతాయి. గుర్తు ఒక పిక్సెల్ కుడికి, ఒక పిక్సెల్ కిందికి జరుగుతుంది. అంతే, వేలి కింద ఏదో దిగినట్టే ఉంటుంది. నాకు ఇంకా నచ్చేది పనిచేయని బటన్ మీది అక్షరం: ముదురు బూడిద అక్షరం వెనక, ఒక పిక్సెల్ పక్కకి, అదే అక్షరం తెల్లగా. రాతిలో చెక్కినట్టుంటుంది. చదవడం కాస్త కష్టమే, ఒప్పుకుంటాను.

ఇరవై ఏళ్లు దాటినా ఈ బటన్ ఎలా బతికిందంటారా? 2001లో విండోస్ ఎక్స్‌పీ కొత్త అలంకారాలు తెచ్చినప్పుడు, అవి కావాలనుకునే ప్రోగ్రాము మ్యానిఫెస్ట్ అనే చీటీ వెంట తెచ్చుకోవాలన్నారు. చీటీ లేనివాటికి పాత బట్టలే. 2012లో విండోస్ 8 నుంచి ఈ పాత రూపమిచ్చే క్లాసిక్ థీమ్‌ని ఎంచుకునే వీలు తీసేసినా, గీతలు గీసే ఆ పాత కోడ్ లోపల అలాగే ఉంది. కొత్త ప్రోగ్రాము రాసేవాళ్లకీ ఆ దారి మూసుకుపోలేదు. సెట్‌విండోథీమ్ అనే ఫంక్షన్‌కి పేర్లు రాయాల్సిన చోట ఖాళీ ఇస్తే, ఆ ఒక్క బటన్ అలంకారం విప్పేసి 1995కి వెళ్లిపోతుంది. కిటికీ పైపట్టీ మాత్రం దాంతో మారదు. లినక్స్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ వాడేవాళ్లయితే షికాగో95 థీమ్‌తో పైపట్టీతో సహా మార్చేసుకుంటున్నారు.

చిక్కల్లా పిక్సెళ్లు చిక్కగా ఉండే ఇప్పటి తెరలతోనే. ఒక్క పిక్సెల్ గీత వాటి మీద వెంట్రుకంత సన్నబడుతుంది, సాగదీస్తే మసకబారుతుంది. ఆ సెంటర్లో మానిటరు పాతకాలం చదరపుది కాబట్టి గీతలు బ్లేడుతో కోసినట్టున్నాయి.

ముహూర్తం దిద్దడం అయింది. ఆపరేటరు ఓకే నొక్కబోతుంటే, "ఒక్క నిమిషం ఉండు బాబూ" అన్నాను. ఇంకో తప్పు దొరికిందనుకుని అతను శుభలేఖ మళ్లీ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాడు.