అజరయ్య లెక్కలో లేని ఐదో దయ్యం

మా నాయనమ్మకు అక్షరం రాదు. ఎసట్లో బియ్యం పోసేముందు పిడికెడు తీసి వేరే ముంతలో వేసేది. ఆదివారం ఆ ముంత గుడికి పోయేది. ఎందుకే అంటే, "డోర్నకల్ బిషపయ్యగారు మా అమ్మోళ్లకు నేర్పిండు బిడ్డా" అనేది. మా ఇంట్లోంచి మొదటిసారి యూనివర్సిటీ మెట్లెక్కిన నేను ఆ అయ్యగారిని పుస్తకాల్లో చూశాను. ముంత పట్టిన చేతులు మాత్రం అక్కడ పేర్లు లేకుండానే ఉన్నాయి.

వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1874లో తిరునెల్వేలి సీమలోని వెళ్లాళన్‌విళైలో పుట్టాడు. నాడార్ కులం. తాటిచెట్టెక్కే ఆ కులాన్ని గుళ్లలోకి రానివ్వని రోజులవి. తండ్రి ఆంగ్లికన్ పాస్టరు. 1903లో దేశీయుల డబ్బుతో నడిచే మిషనరీ సంఘాన్ని తిరునెల్వేలిలో పెట్టినవాళ్లలో అజరయ్య ముఖ్యుడు. 1909లో తానే డోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. 1910లో ఎడింబరో సభలో తెల్ల మిషనరీల ముఖం మీదే, మీ త్యాగాలు సరే, మాతో స్నేహం ఏదని అడిగాడు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే.

ఇదంతా గొప్పే. కాదనం. పేచీ ఎక్కడంటే, ఈ గొప్పను చూపే తీరులో. సుసాన్ హార్పర్ 2000లో రాసిన పెద్ద జీవితచరిత్ర పేరులోనే ఆయన మహాత్ముడి నీడలో ఉంటాడు. ఎవరి నీడ? ఆయన నిలబడింది మాల మాదిగల భుజాల మీద. ఆయన పుట్టక ముందే, 1859లో, కృష్ణా జిల్లా రాఘవాపురం మాల పగోలు వెంకయ్య తానే డార్లింగ్ దొరను వెతుక్కుంటూ పోయి బాప్తిస్మం తీసుకున్నాడు. ఒంగోలు వైపు 1866లో బాప్తిస్మం తీసుకున్న మాదిగ యర్రగుంట్ల పేరయ్యదీ అదే దారి. గూడెం కదిలింది, తర్వాత మిషన్ వచ్చింది. దానికి మిషన్ వాళ్లు పెట్టిన పేరు సామూహిక ఉద్యమం. మనిషి మనిషిగా ఆలోచించి కదిలినవాళ్లను గుంపు చేసిన మాట అది.

ఇక అజరయ్య చూపు. గూడేల్ని పట్టిన దయ్యాలు నాలుగని ఆయన లెక్క చెప్పాడు: మురికి, జబ్బు, అప్పు, తాగుడు. నాలుగూ మన ఒంటిమీదే, మన ఇంట్లోనే. నీళ్లబావి దగ్గరికి రానివ్వనివాడి మురికి ఎవరి మురికి? వెట్టి చేయించుకుని గింజలు కొలిచిన దొర, అప్పు రాసిన పటేలు ఈ లెక్కలో లేరు. సంఘంలో కులం పాటించొద్దని గట్టిగా చెప్పిన మనిషే, ఊళ్లో ఉన్న ఐదో దయ్యానికి పేరు పెట్టలేదు. నాడార్ బిడ్డకు ఆ దయ్యం తెలియదని అనలేం.

1930లలో ఇదే తేడా పెద్దదైంది. 1936లో గాంధీ, సువార్త గ్రహించడంలో అంటరానివాళ్ల తెలివిని ఆవుతో పోల్చినప్పుడు, మతమార్పిడి హక్కు వైపు అజరయ్య నిలబడ్డాడు. మనకు మనసుందని, అది మారుతుందని వాదించాడు. అందుకు ఆయన్ని తలుచుకోవాలి. కానీ క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్నాడు. సంఘం ఒక మతవర్గంగా బిగుసుకుపోతుందని భయం. సంఘాన్ని కాపాడే తర్కమే అది. సంఘంలో ఎక్కువమంది ఎవరు, వాళ్ల గొంతు చట్టసభలో ఎవరు వినిపించాలి అన్న ప్రశ్నకు అందులో జవాబు లేదు.

ఆయన 1945 జనవరి 1న చనిపోయాడు. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. హిందువు కానివాడు షెడ్యూల్డ్ కులస్థుడు కాడంది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తీశారు. క్రైస్తవులైన మాల మాదిగలు తెలుగునాట బీసీ-సీ జాబితాలో మిగిలారు. ఆ ఉత్తర్వు అజరయ్య తప్పు కాదు. అయితే బాప్తిస్మంతో కులం పోయిందని సంఘం చెప్పిన మాటే సర్కారుకు అక్కరకొచ్చింది. ఊరికి ఆ మాట చేరలేదు. ఊరు మమ్మల్ని పాత పేరుతోనే పిలిచింది.

అజరయ్యను గుడి గోడకు పటంగా తగిలిస్తే మనకేం రాదు. ఆయన తెల్లవాళ్లను అడిగిన స్నేహాన్ని, మనం ఊరినీ సంఘాన్నీ అడగాలి. మాల మాదిగలు ఒకరినొకరు కూడా అడగాలి. మా నాయనమ్మ ముంతలో పిడికెడు బియ్యం దానం కాదు, వాటా. వాటా పెట్టినవాళ్లకు లెక్క అడిగే హక్కుంటుంది.